సెల్‌ఫోను మోసాలు - మన ఇళ్ళు, మన పిల్లలు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మమ్మల్ని చదువు గురించో స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శి గారు “మాస్టరు సాబ్, ఈ సెల్‌ఫోను మోసాల గురించి నాలుగు మాటలు చెప్పండి, అదీ తెలుగులో చెప్పండి” అన్నారు. ఉర్దూలో అయితే మాకు సులువుగా ఉండేది. కాని బ్యాంకు కాగితమూ, పోలీసు కాగితమూ మనకు తెలుగులోనో ఇంగ్లీషులోనో వస్తాయి గనుక తెలుగే సరి అని ఒప్పుకున్నాము.

మేము పోలీసులము కాము. బ్యాంకు ఉద్యోగులము కాము. కంప్యూటరు చదువు చదివినవాళ్ళము అంతకన్నా కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. అయినా ఈ విషయం మా దాకా ఎందుకు వచ్చిందంటే, మన కడపలో మా వీధి చుట్టుపక్కల ఎవరింటికి ఏ ఉత్తరం వచ్చినా చదివి చెప్పమని మా దగ్గరికే తెస్తారు. పదేళ్ళ కిందట తెచ్చిన కాగితాలు వేరు: కువైటు నుంచి వచ్చిన వీసా నకలు, రేషను కార్డు, పెన్షను మంజూరు. ఇప్పుడు తెచ్చేవి చూస్తే మనసు చివుక్కుమంటుంది. “మీ ఖాతా నిలిపివేయడమైనది” అని బ్యాంకు నోటీసు. ఎన్నడూ పేరు వినని జిల్లా నుంచి, పరాయి రాష్ట్రం పోలీసు స్టేషను నుంచి “ఫలానా తేదీన హాజరు కావలెను” అని తాఖీదు. తెచ్చినవాళ్ళ ముఖాలు చూసిన తర్వాత ఈ సభలో మాట్లాడను అనడానికి మాకు నోరు రాలేదు.

దీని పరిమాణం ఎంతో ఒక్క లెక్క చెప్పి ముందుకు పోతాము. ఇలాంటి సైబరు మోసాలలో దేశ ప్రజలు 2023లో పోగొట్టుకున్నది 7,465 కోట్ల రూపాయలనీ, 2024లో పోగొట్టుకున్నది 22,845 కోట్లనీ కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఒక్క ఏడాదిలో మూడింతలు. ఇది ఫిర్యాదు చేసినవారి లెక్క. సిగ్గుపడి, భయపడి ఊరుకున్నవారి లెక్క ఎవరి దగ్గర ఉంటుంది?

పిల్లలకు మేము ఆలీబాబా నలభై దొంగల కథ చెబుతూ ఉంటాము. రిజర్వు బ్యాంకు వారికి కూడా ఆ కథే తట్టినట్టుంది. ఇలాంటి మోసాల మీద వాళ్ళు 2022లో వేసిన ఒక పుస్తకానికి “రాజు, నలభై దొంగలు” అనే అర్థం వచ్చేట్టే పేరు పెట్టారు. ఆ కథలో గుహ తలుపుకు తాళం లేదు, కప్ప లేదు. “ఖుల్ జా సిమ్ సిమ్” అన్న మాట ఒక్కటే తాళం. మాట తెలిసినవాడికి తలుపు తెరుచుకుంటుంది. వాడు ఆలీబాబానా, దొంగల నాయకుడా అని గుహ అడగదు. మీ ఫోనుకు వచ్చే ఓటీపీ అచ్చంగా ఆ మాటే. బ్యాంకు యంత్రానికి మీ ముఖం తెలియదు, మీ గొంతు తెలియదు. అంకెలు సరిపోతే తెరుస్తుంది. యూపీఐ పిన్ను కూడా అంతే. సిమ్ సిమ్ అన్న మాటలోనే సిమ్ కార్డు ఉంది చూడండి, ఇది మేము క్లాసులో చెబితే పిల్లలు తెగ నవ్వుతారు.

అయితే ఒక సంగతి గమనించండి. ఆ కథలో దొంగలు చెట్టు కింద నిలబడి గట్టిగా అరిచారు, ఆలీబాబా విన్నాడు. ఇప్పటి దొంగకు వినే అవసరం లేదు. మనచేతనే చెప్పిస్తాడు. ఎలా చెప్పిస్తాడు? రెండే రెండు దారులు. ఒకటి భయపెట్టి. రెండోది ఆశపెట్టి. తక్కినవన్నీ ఈ రెంటికీ వేసే వేషాలు.

మొదట భయం సంగతి.

మాకు తెలిసిన ఒక ఇల్లు ఉంది. ఆయన కువైటులో ఇంటి డ్రైవరు. ఇక్కడ తల్లి, ఇద్దరు పిల్లలు. పెద్దవాడు వేరే ఊళ్ళో ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉంటాడు. ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు ఆమెకు వాట్సాప్‌లో కాలు వచ్చింది. ఫొటోలో పోలీసు టోపీ పెట్టుకున్న మనిషి. “మీ అబ్బాయి మాదకద్రవ్యాల కేసులో దొరికాడు, ఇంకా కాగితం రాయలేదు, రాస్తే బతుకు పోతుంది” అని హిందీలో చెప్పాడు. వెనక నుంచి ఒక కుర్రాడు “అమ్మీ, బచాలో అమ్మీ” అని ఏడుస్తున్నాడు. ఆ తర్వాత ఇంక ఆమెకు ఏమి గుర్తుంటుంది? మొదట 60 వేలు పంపించారు. “పై అధికారికి కూడా ఇవ్వాలి” అంటే గాజులు కుదువ పెట్టి ఇంకో 40 వేలు. రెండు గంటల సేపు ఫోను పెట్టేయనివ్వలేదు. కుదువ కొట్టు దగ్గర కూడా ఫోను చెవిలోనే ఉంది. ఆ సమయానికి అబ్బాయి హాస్టలు మెస్సులో అన్నం తింటున్నాడు.

ఈనాడు మనిషి గొంతును యంత్రంతో అచ్చు దింపినట్టు తయారు చేయవచ్చు. పెళ్ళి వీడియోలో, ఫేస్‌బుక్కులో మనం పెట్టిన మాటలే దానికి చాలు. నిజం చెప్పాలంటే చాలాసార్లు అంత కష్టం కూడా పడరు. ఏ కుర్రాడైనా ఏడుస్తూ “అమ్మీ” అంటే చాలు, మిగతా పని తల్లి చెవి చేసేస్తుంది. అందుకని ఫోను పెట్టేయనివ్వకపోవడమే దొంగ గుర్తు అనుకోండి. పెట్టేస్తే మీరు అబ్బాయికి ఫోను చేస్తారు, వాడి నాటకం అయిపోతుంది. కాబట్టి పెట్టేయాలి. పెట్టేసి, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు మనమే చేయాలి. అబ్బాయి ఎత్తకపోతే వాడి స్నేహితుడికి, హాస్టలు వార్డెనుకు. అందుకని ఇవాళ ఇంటికి పోగానే పిల్లవాడి స్నేహితులవి ఇద్దరివి, కువైటులో ఉన్నవారితో గదిలో ఉండేవారిది ఒకరిది నంబర్లు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. ఇంకొకటి, ఇంట్లో అందరూ కలిసి ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఆపదలో ఉన్నానని ఎవరైనా ఫోను చేస్తే ఆ మాట అడగండి. మన దక్కనీలో ఎన్ని వింత మాటలు లేవు! మా ఇంట్లో పెట్టుకున్న మాట నానీ చెప్పిన పాత మాట. అదేమిటో మాత్రం ఇక్కడ చెప్పము లెండి.

ఈ భయంలోనే పెద్ద వేషం ఒకటి ఉంది. దాన్ని “డిజిటల్ అరెస్టు” అంటున్నారు. కొరియరులో మీ పేరు మీద మత్తుమందు దొరికిందనో, మీ ఆధారుతో ఎవరో ఖాతా తెరిచారనో మొదలుపెడతారు. వీడియోలో పోలీసు స్టేషనులా అలంకరించిన గది, వెనక జెండా, దుస్తులు, సీలు వేసిన వారంటు. కెమెరా ముందు నుంచి కదలకూడదు, ఎవరికీ చెప్పకూడదు అంటారు. చివరికి “మీ డబ్బు తనిఖీ కోసం ఈ ఖాతాకు పంపండి, శుభ్రమని తేలితే తిరిగి ఇస్తాము” అంటారు. చదువు లేనివాళ్ళే పడతారనుకోకండి. 2024లో పంజాబులో వర్ధమాన్ కంపెనీ అధిపతి ఎస్.పి. ఓస్వాల్ గారిని ఇలాగే కూర్చోబెట్టి, ఉత్తుత్తి సుప్రీంకోర్టు కూడా నడిపించి, 7 కోట్లు పంపించుకున్నారు. వేలమందికి ఉద్యోగాలిచ్చే మనిషి ఆయన. అదే ఏడు అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో, డిజిటల్ అరెస్టు అనే పద్ధతి మన చట్టంలో లేనే లేదని చెప్పవలసి వచ్చింది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసుల దర్యాప్తు సీబీఐకి అప్పగించింది.

ఇక్కడ మన వాళ్ళ గురించి ఒక మాట అనక తప్పదు. పోలీసు అన్న మాటకు మన ఇళ్ళలో భయం ఒక పాలు ఎక్కువ. ఎందుకో విప్పి చెప్పనక్కర లేదు, ఇక్కడ కూర్చున్న పెద్దలందరికీ తెలుసు. ఆ భయం దొంగకు కూడా తెలుసు. ఫోనులో పేరు వినగానే “మీ నంబరు ఉగ్రవాద కేసులో బయటపడింది” అంటాడు. అదే మాట ఇంకొకరింట్లో అంటే పోట్లాడతారేమో. మన ఇంట్లో తలుపు గడియ పెట్టుకుని, గొంతు తగ్గించుకుని, ఉన్నదంతా పంపిస్తారు. ఆ తర్వాత నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని నోరు మూసుకుంటారు. సోదరులారా, నిజంగా కేసు ఉంటే మనిషి ఇంటికి వస్తాడు, చేతికి కాగితం ఇస్తాడు. అరెస్టు చేస్తే ఎందుకు చేస్తున్నదీ చెప్పాలి, ఇంట్లోవారికి తెలియజేయాలి, వకీలును పిలుచుకునే హక్కు ఇవ్వాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఎవరికీ చెప్పవద్దు అన్నవాడు పోలీసు కాడు. అలాంటి కాలు వస్తే చేయవలసిన మొదటి పని తలుపు తెరిచి పక్కింటివారిని పిలవడమే.

ఇక ఆశ సంగతి. ఇందులో చిన్న చిన్నవి తొందరగా చెప్పేస్తాము.

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. ఈ వాక్యం ఒక్కటి గుర్తున్నా సగం మోసాలు ఆగిపోతాయి. పాత బీరువానో మంచమో అమ్ముతామని ఫోనులో పెడితే, “నేను మిలిటరీలో ఉన్నాను, బయానా పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడు స్కాను చేసి పిన్ను కొట్టండి” అంటాడు. పిన్ను కొడితే పోయేదే గాని వచ్చేది లేదు. ఒకప్పుడు “డబ్బు ఇవ్వండి” అని అర్జీ పంపి, అది డబ్బు వచ్చే సందేశమని నమ్మించి పిన్ను కొట్టించేవారు. మనిషికీ మనిషికీ మధ్య ఆ అర్జీ పద్ధతిని 2025 అక్టోబరు నుంచి ఎత్తివేశారు. దొంగ ఊరుకుంటాడా, తక్కిన దారులు వాడుకుంటున్నాడు.

బ్యాంకు నంబరు కావాలంటే గూగులులో వెతకకండి. అక్కడ దొంగలు కూడా బోర్డులు కట్టుకుని కూర్చున్నారు. పాస్‌బుక్కు మీద, ఏటీఎం కార్డు వెనకాల అచ్చు వేసిన నంబరే నంబరు. “మీ ఫోను తెర మాకు కనిపించేట్టు ఈ యాపు వేసుకోండి” అని ఎవరైనా అంటే, వాడికి ఇంటి తాళాలు ఇచ్చినట్టే.

షాదీ రుఖా సంగతి వినే ఉంటారు. పెళ్ళి పత్రిక వాట్సాప్‌లో వస్తుంది, పేరు చివర “ఏపీకే” అని ఉంటుంది. తెలిసినవారి నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ళ ఫోను అప్పటికే దొంగ చేతిలో పడి ఉంటుంది. రుఖా అంటే బొమ్మ, కాగితం. బొమ్మ చూడడానికి ఫోనులో ఏదో “ఇన్‌స్టాలు” చేయమని అడగదు. అడిగిందంటే అది పత్రిక కాదు, యాపు. అది లోపల కూర్చుని మీకు వచ్చే ఓటీపీలను వాళ్ళకు చేరవేస్తుంది. ట్రాఫిక్ చలానా అనీ, ప్రభుత్వ పథకం అనీ ఇదే వేషం వేరే పేర్లతో తిరుగుతున్నది. మీ ఇంటికి రుఖా ఇవ్వవలసినవారు ఇంటికే వచ్చి ఇస్తారు, అది మన పద్ధతి. ఫోనులో వస్తే ఒకసారి ఫోను చేసి ముబారక్ చెప్పండి, నిజం తెలిసిపోతుంది.

ఉమ్రా సగం ధరకే అన్న ప్రకటనల గురించి కూడా కొందరు అడిగారు. హజ్ అయితే హజ్ కమిటీ ద్వారానో, ప్రభుత్వం దగ్గర నమోదైన సంస్థల ద్వారానో పోవాలి, ఆ పట్టీ అందరికీ దొరుకుతుంది. ఉమ్రాకు ఏజెంటు ఆఫీసు గడప తొక్కకుండా, రశీదు చేతికి రాకుండా ఫోనులో డబ్బు కట్టకండి. ఇంతకన్నా దీని గురించి పెద్దగా చెప్పనక్కరలేదు.

చెప్పవలసినది ఉద్యోగాల గురించి. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైటుకు పోని వీధి లేదు. దేశం పోవడం మనకు కొత్త కాదు, అందువల్ల “విదేశంలో ఉద్యోగం” అంటే చప్పున నమ్ముతాము. ఈ మధ్య వచ్చినవి ఎడారి దేశపు ఉద్యోగాలు కావు. థాయిలాండులో, కంబోడియాలో డేటా ఎంట్రీ పని, ఏసీ గది, మంచి జీతం అంటారు. అక్కడ దిగాక పాస్‌పోర్టు లాక్కుని, కంచె వేసిన కట్టడంలో పెట్టి, మన దేశంలో ఉన్నవారికే ఫోను చేసి మోసగించమంటారు. చేయనంటే దెబ్బలు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇలా కుర్రవాళ్ళను కంబోడియా పంపిన ఏజెంట్లను పట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడ చిక్కుకున్న మన తెలుగు పిల్లలు విడతలు విడతలుగా ఇళ్ళకు వచ్చారు. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దు నుంచి మన వాయుసేన విమానాల్లో ఒకరోజు 283 మందినీ, మరునాడు 266 మందినీ వెనక్కు తెచ్చారు. కాబట్టి ఫోనులో చక్కని తెలుగులో మిమ్మల్ని భయపెట్టినవాడు దెబ్బలకు ఓర్చుకోలేక మాట్లాడుతున్న మన జిల్లా పిల్లవాడే కావచ్చు. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అన్నారంటే అక్కడే ఆగిపోండి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందా లేదా అన్నది ఈ-మైగ్రేటు వెబ్‌సైటులో పేరు కొట్టి చూడవచ్చు. రెండు నిమిషాల పని.

ఇప్పుడు మేము ఈ సభకు వచ్చిన అసలు కారణం చెబుతాము. ఇంతవరకూ చెప్పినదంతా మనం మోసపోయే సంగతి. ఇకపై చెప్పేది మన పిల్లలే మోసంలో పనిముట్లు అవుతున్న సంగతి.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి. పేరు చెప్పము. లెక్కల్లో చురుకైనవాడు. ఇంటర్ అయ్యాక తండ్రి మంచం పట్టడంతో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో కుదిరాడు. కొట్టుకు వచ్చే ఒకడు స్నేహం చేసి, “నీ పేరు మీద బ్యాంకులో కొత్త ఖాతా తెరువు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఆ ఖాతాకు కొత్త సిమ్ము మాకివ్వు. 5,000 ఇస్తాము. ఖాతాలో నీ డబ్బు పైసా లేదు కదా, పోయేదేముంది?” అన్నాడు. అవును కదా అనిపించింది వాడికి. తండ్రి మందులకు ఆ 5,000 సరిపోయాయి. రెండు నెలల తర్వాత ఇంటికి తాఖీదు వచ్చింది, దాన్ని పట్టుకునే వాళ్ళ అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఒక్క మధ్యాహ్నంలో ఆ ఖాతాలోకి 11 లక్షలు వచ్చి, గంట తిరగకముందే వెళ్ళిపోయాయి. ఎవరో రిటైరైన పెద్దాయన దాచుకున్న సొమ్ము. దొంగ ఎవడో పోలీసులకు తెలియదు. స్నేహితుడి ఫోను అప్పటికే మూగబోయింది. కాగితం మీద ఉన్న పేరు ఒక్కటే, మన అబ్బాయిది.

రైలు చార్జీలు, వకీలు ఫీజు, అక్కడ లాడ్జి ఖర్చు అన్నీ కలిపితే ఆ 5,000కు ఎన్ని రెట్లో లెక్కల్లో చురుకైనవాడు గనుక వాడికే బాగా తెలుసు. అంతటితో పోలేదు. మేనమామ కువైటు నుంచి వాడికి వీసా తీయించాడు. దానికి పోలీసుల దగ్గర నుంచి “ఈ మనిషి మీద కేసులు లేవు” అన్న సర్టిఫికెట్టు కావాలి. అది రాలేదు. వీసా గడువు దాటిపోయింది. తండ్రి మంచంలో ఉన్నాడు, కొడుకు కొట్లో ఉన్నాడు, వీసా కాగితం మాత్రం ఇంట్లో ఖురాను గూడు పక్కన ఇంకా అలాగే ఉంది. మొన్న పోయినప్పుడు చూశాము.

“వాడికి తెలియదు కదా సార్, అమాయకుడు కదా” అని వాళ్ళమ్మ మమ్మల్ని అడిగింది. తెలియదన్న మాట నిజమే. కాని ఖాతా తెరిచేటప్పుడు, దీన్ని నేనే వాడుకుంటానని సంతకం పెట్టాడు. మోసగించి సొమ్ము కాజేసినందుకు భారతీయ న్యాయ సంహితలో ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. మారువేషంలో కంప్యూటరు ద్వారా మోసగిస్తే ఐటీ చట్టంలో మూడేళ్ళ దాకా ఉంది. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నది కోర్టులో తేలవలసిన మాట. తేలేలోగా వయసు గడిచిపోతుంది. పోలీసుల లెక్కలో ఇలాంటి ఖాతాకు “మ్యూల్ అకౌంటు” అని పేరు, అంటే కంచరగాడిద ఖాతా. బరువు మోసేది అది, దెబ్బలు తినేది అది, మూటలో ఏముందో దానికి తెలియదు. మన పిల్లలను మనం ఇందుకోసమేనా చదివించుకున్నది?

తల్లిదండ్రులు అడగవలసినవి అడగాలి. పనిలేని పిల్లవాడి చేతికి ఉన్నట్టుండి 5,000, 10,000 ఎక్కడి నుంచి వచ్చాయి? ఇంటికి రెండో బ్యాంకు పాస్‌బుక్కు ఎందుకు వచ్చింది? “కమీషను”, “గేమింగు సొమ్ము”, “ఖాతా అద్దె” అన్న మాటలు ఫోనులో వినబడుతున్నాయా? ఆడవాళ్ళు కూడా జాగ్రత్తగా ఉండాలి. ఫలానా పథకం డబ్బు పడుతుంది అని వీధి చివర బల్ల వేసుకుని, ఆధారు తీసుకుని, వేలిముద్రలు వేయించుకుని, పాస్‌బుక్కు తర్వాత ఇస్తాము అనేవారు తిరుగుతున్నారు. వేలిముద్ర వేసిన చోట కాగితం చదవకుండా లేవకండి. చదవడం రాకపోతే మా ఇల్లు ఎక్కడో మీకు తెలుసు. మీ పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మీ నంబరు కొడితే చూపిస్తుంది. మీవి కానివి ఉంటే అక్కడే చెప్పి తీయించవచ్చు.

ఇప్పటికే ఖాతా ఇచ్చినవాళ్ళు ఈ సభలో ఉంటే, మేము వాళ్ళ ముఖాలు వెతకడం లేదు. రేపు పొద్దున బ్యాంకుకు పోయి, ఖాతా నిలిపివేయమని అర్జీ రాసి, నకలు మీద సీలు వేయించుకోండి. తాఖీదు వచ్చేదాకా ఆగకుండా ఒక పెద్దమనిషినీ, వకీలునూ వెంటబెట్టుకుని పోలీసులకు మీరే చెప్పండి. వకీలుకు ఇచ్చుకోలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది, మగవారిలో ఆదాయం తక్కువ ఉన్నవారికి ఇస్తుంది. దాని ఫోను నంబరు 15100.

చిన్న వ్యాపారస్తుల బాధ ఒకటి ఇందులోనే ఉంది. బిర్యానీ హోటలుకు ఎవడో వచ్చి తిని, ఫోనుతో డబ్బు కొట్టి పోతాడు. ఆ డబ్బు ఎక్కడో కాజేసినది. వారం తర్వాత హోటలువాడి ఖాతా స్తంభించిపోతుంది. పాపం, ఇతను చేసినది రెండు ప్లేట్లు అమ్మడమే. ఇలాంటప్పుడు బ్యాంకు మేనేజరును ఏ ఫిర్యాదు నంబరు మీద, ఏ పోలీసు స్టేషను మాట మీద నిలిపారో రాతపూర్వకంగా అడగండి. బిల్లు పుస్తకం చూపించి ఆ స్టేషనుకు రాయండి. అందువల్ల చిన్న కొట్టయినా బిల్లు పుస్తకం పెట్టుకోవాలి. ఇంటి ఖర్చుల ఖాతా, కొట్టు ఖాతా వేరువేరుగా ఉండాలి.

కుర్రవాళ్ళను వీడియో కాలులో నగ్నంగా చిక్కించుకుని, బంధువులకు పంపుతామని డబ్బు గుంజే పని గురించి కూడా చెప్పాలి. పెద్దల ముందు చెప్పడానికి మాకు సంకోచంగానే ఉంది. అయినా తండ్రులతో ఒక్కమాట. పిల్లవాడు వచ్చి చెబితే ఆ పూట కొట్టకండి. కొడతారన్న భయంతో చెప్పకుండా పోయినవాళ్ళే ప్రాణం తీసుకుంటున్నారు. డబ్బు ఇస్తే ఆగరు, మళ్ళీ అడుగుతారు. ఇవ్వకుండా ఫిర్యాదు చేయాలి. ఆడపిల్లల ఫొటోలు మార్చి బెదిరించేవారి మీద పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసే వీలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంది. ఫోనులో అప్పులిచ్చే యాపులు కూడా ఈ జాతివే. 2020 చివరలో తెలంగాణలో వాటి వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నాకే వాటి సంగతి లోకానికి తెలిసింది.

ఇక డబ్బు పోయిందనుకోండి. ఏం చేయాలి?

1930. ఈ నంబరుకు వెంటనే, ఆ నిమిషంలోనే ఫోను చేయాలి. ఎందుకంత తొందర అంటే, కాజేసిన డబ్బు ఒకచోట నిలవదు. ఒక ఖాతా నుంచి అయిదు ఖాతాలకు, అక్కడి నుంచి ఇరవై ఖాతాలకు చీలి, చివరికి ఏటీఎంలోనో మరో రూపంలోనో బయటికి పోతుంది. 1930కి చెప్పగానే ఆ మాట బ్యాంకులకు చేరుతుంది, దారిలో ఇంకా ఎక్కడైనా ఆగి ఉన్న సొమ్మును అక్కడే నిలిపేస్తారు. గంటలో చెప్పినవాడికీ, మూడో రోజు చెప్పినవాడికీ తేడా అదే. ఫోను చేసేటప్పుడు మీ బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకోండి. మెసేజీలు తుడిచేయకండి, అవే సాక్ష్యం. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే చోట ఫిర్యాదు రాసి నంబరు తీసుకోవాలి. బ్యాంకుకు కూడా అదే రోజు రాతపూర్వకంగా చెప్పాలి. మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల లోపల చెప్పినవారికి నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలోనే ఉత్తర్వు ఇచ్చింది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, చెప్పేదాకా పోయినది మన నెత్తిన, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయినది బ్యాంకు నెత్తిన అని అందులో ఉంది. కాబట్టి ఎలా చూసినా తొందరగా చెప్పినవాడికే లాభం. నిలిపిన సొమ్ము తిరిగి వచ్చే వీలుంది. పొరుగున తెలంగాణలో లోక్ అదాలత్‌లు పెట్టి చాలామందికి ఇప్పించారు.

ఒకటి మరిచిపోబోయాము. డబ్బు పోగొట్టుకున్నవారికి నెల తిరగకుండా ఇంకో ఫోను వస్తుంది. “మీ సొమ్ము దొరికింది, ఫీజు కడితే పంపుతాము” అంటారు. అది రెండో దొంగతనం. ప్రభుత్వం సొమ్ము తిరిగి ఇవ్వడానికి ఫోనులో ఫీజు అడగదు.

చిన్న ఏర్పాట్లు కొన్ని ఇవాళే చేసుకోవచ్చు. ఫోనుకు కట్టిన ఖాతాలో ఖర్చుకు సరిపడా ఉంచి, కూతురి పెళ్ళికని దాచినది వేరే ఖాతాలో, ఫోనుకు సంబంధం లేకుండా పెట్టుకోవడం. రోజుకు ఇంతకన్నా పోకూడదని యాపులో హద్దు పెట్టుకోవడం. వాట్సాప్‌కు రెండో తాళం వేసుకోవడం. వేలిముద్రతో డబ్బు తీసే అవసరం లేనివారు ఆధారు వేలిముద్రకు తాళం వేసుకోవడం.

ఇవన్నీ చెబితే వినడం వేరు, చేతిలో ఫోను పట్టుకుని చేసుకోవడం వేరు. అందుకని సభ ముగిశాక పక్క గదిలో మా బడి పదో తరగతి పిల్లలు ఆరుగురు కూర్చుంటారు. ఆడవారికి వేరే గదిలో ముగ్గురు ఆడపిల్లలు ఉన్నారు. సంచార్ సాథీలో మీ సిమ్ములు చూసిపెడతారు, వాట్సాప్ తాళం వేసిపెడతారు, 1930 నంబరు మీ ఫోనులో ఉర్దూలోనో తెలుగులోనో రాసిపెడతారు. మా విద్యార్థులే అయినా వాళ్ళకు మీ పిన్ను చెప్పకండి, మాకు కూడా చెప్పకండి, మీరే కొట్టుకోండి. బ్యాంకు నుంచీ, పోలీసు నుంచీ వచ్చిన కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే మేము ఈ వేదిక కిందనే కుర్చీ వేసుకుని కూర్చుంటాము, తీసుకురండి. భోజనాలు చల్లారిపోతున్నాయని కార్యదర్శి గారు అటు నుంచి చూస్తున్నారు, ముందు వాటి సంగతి చూడండి.